తోడల్లుడి వంతెన

మా ఊరి వరద కాలువ మీద, గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే రోడ్డులో మూడు కమాన్ల రాతి వంతెన ఒకటి ఉంది. దాన్ని కట్టిన మేస్త్రి ఎవరని అడిగితే ఇప్పటికీ మా ఇల్లే చూపిస్తారు. చూపించేవాళ్ళ తప్పేమీ లేదు. పైకి కనిపించే రాళ్ళలో చాలావరకు నేను పెట్టించినవే. అయితే సర్కారు వారు ఆ పని మొదట ఇచ్చింది నా తోడల్లుడికి. అది అతని చేతిలోంచి నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు అతని మీద నాకున్న కడుపుమంట గురించి చెప్పాలి.

నా భార్యకు ఒక్కతే చెల్లెలు. ఆమె భర్త నాకంటే చాలా చిన్నవాడు. ఇద్దరిదీ రాళ్ళు కట్టే బేల్దారి పనే. నేను మా నాయన వెంట తిరిగి, తాలూకా దాటకుండా పని నేర్చుకున్నాను. అతను పెళ్ళికి ముందే నంద్యాల వైపు పోయి సర్కారు కాలువల మీద పనిచేసి, సిమెంటు కలపడం, నక్షా చూసి పునాది గుర్తు పెట్టడం నేర్చుకుని వచ్చాడు. వచ్చిన నాటి నుంచి నన్ను అన్నా అనే పిలిచాడు. నా ముందు బీడీ ముట్టించేవాడు కాదు. నేను కూర్చున్న మంచం మీద కూర్చునేవాడు కాదు. ఇంత మర్యాద చేసేవాణ్ణి ద్వేషించడానికి పెద్ద కారణం దొరకక నేను చాలా అవస్థ పడేవాణ్ణి.

చిన్న కారణాలు దొరికేవి. ఆదివారం చర్చిలో అతను పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళ వెనక వరస దాకా గొంతులు కలిసేవి. నేను ఎత్తుకుంటే అయ్యగారు ఒక్కరే కలిసేవారు, అదీ జాలిపడి. క్రిస్మస్‌కు మా అత్త మాంసం వడ్డించేటప్పుడు, పెద్దల్లుణ్ణని మొదటి గరిటె నాకే వేసేది. నల్లకార్జం ముక్కలు మాత్రం గిన్నెలో వెతికి వెతికి అతని విస్తట్లో వేసేది. "పిల్లోడు పాపం ఎండల్లో పనిచేస్తాడు" అనేది. నేనేదో నీడలో పనిచేస్తున్నట్టు! ఇంత వయసొచ్చాక ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఇంటికి వచ్చే దారిపొడుగునా ఆ ముక్కల గురించే ఆలోచించేవాణ్ణి.

మా ఊరికి పడమర నల్లమల కొండలు. కొండల్లో కురిసిన వానంతా ఒక వాగులో చేరి ఊరి మీదికి వచ్చేది. ఒకనాటి కరువులో పని కోసం వచ్చిన జనంతో సర్కారు వారు, ఆ నీళ్ళను ఊరికి ఎగువనే పక్కకు తిప్పే కాలువ తవ్వించారు. దాన్నే వరద కాలువ అంటాం. దాని మీద రోడ్డు వంతెన కట్టింది మా నాయన. ఒకటే కమాను. గానుగలో ఆడించిన సున్నంలో, చెంచులు కొండ నుంచి తెచ్చిన కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి కట్టాడు. ఎద్దులబండి ఆ వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మా నాయన దగ్గినట్టు అనిపించేది నాకు. ఆయన పోయాక ఊళ్ళో నాకు మిగిలిన గౌరవం చాలావరకు ఆ వంతెనదే.

ఒక ఏడు కాలువ పట్టక నీళ్ళు బజారులోకి, మా పల్లెలోకి వచ్చాయి. కాలువను రెట్టింపు వెడల్పు చేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. అంత కాలువకు నాయన వంతెన చాలదు. పైగా మోటారు బస్సులు కొత్తగా తిరుగుతున్న కాలం. వంతెన మీద బస్సు ఎదురైతే బండివాడు ఎద్దుల్ని వెనక్కి నడిపించుకోవలసి వచ్చేది. అందుకని పాత వంతెన విప్పేసి, దానికి కాస్త దిగువన మూడు కమాన్లతో, రెండు బళ్ళు పక్కపక్కన పోయేంత వంతెన కట్టాలన్నారు. అదే కాలువకు అర్ధవీడు బండ్లబాట మీద మొద్దులు పరిచిన వంతెన ఒకటుంటే, అది తీసేసి రాతి దిమ్మెల మీద బండలు వేయాలన్నారు.

పెద్ద వంతెన నాదే అనుకున్నాను. నాయన కట్టినచోట కొడుకు కడతాడు, ఇందులో అడగడానికి ఏముంది? పల్లెలో అందరికీ అట్లాగే చెప్పుకున్నాను కూడా.

ఓవర్సీయరు మా ఇద్దరినీ కాలువ గట్టుకు పిలిపించి నక్షా పరిచాడు. ముందు నన్నే అడిగాడు.

"ఈ కమాన్లు ఎలా లేపుతావు మేస్త్రీ?"

"మా నాయన లేపినట్లే సార్."

"మీ నాన్న లేపింది ఒకటి. ఇవి మూడు. ఏది ముందు, ఏది వెనక?"

నేను తడుముకున్నాను. ఒక పక్క నుంచి మొదలుపెట్టి ఒకటి ముగిశాక ఇంకొకటి అన్నాను. ఓవర్సీయరు నా తోడల్లుడి వైపు చూశాడు. అతను నా వైపు చూశాడు, చెప్పమంటావా అన్నట్టు. నేను తల తిప్పుకున్నాను.

"మూడింటికీ కింద కర్ర చట్రాలు ఒకేసారి నిలబెట్టుకోవాల సార్. రాళ్ళు మూడింట్లోనూ సమంగా పైకి తీసుకపోవాల. ఒకటి ముందు బిగిస్తే, దాని తోపుడుకు మధ్య దిమ్మె ఒరుగుతాది."

ఓవర్సీయరు నక్షా చుట్టేశాడు. పెద్ద వంతెన అతనికి. పాత వంతెన విప్పి, రాళ్ళు శుభ్రం చేసి అతని పనికి అందించడం, అర్ధవీడు బాట మీద చిన్న వంతెన నాకు. అంటే మా నాయన కట్టినదాన్ని నా చేతులతో ఊడదీసి, ఆ రాళ్ళు అతనికి మోయించాలి.

ఇంటికి వచ్చి కూర్చుని, గోడ నిలువు చూసే తూకం గుండు దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాను. నా భార్య అన్నం పెట్టి చాలాసేపు చూసింది.

"ఏందయ్యా అట్ల కూచున్నావు? మరిదికి వస్తే మనకొచ్చినట్లు కాదా?"

"మీ చెల్లెలింటికి వచ్చింది. మనింటికి యాడొచ్చింది?"

"రెండిండ్లకీ నడిమి గోడ ఒకటే గదా."

"ఆ గోడ కట్టింది నేనే" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

మరునాడు అతనే మా ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. మా రాతిపనివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చనిపోయిన మేస్త్రి కట్టినదాన్ని విప్పవలసి వస్తే, మొదటి రాయి అతని కొడుకు తీయాలి. ఆ రాయిని కడిగి పక్కన పెట్టేదాకా మిగతావాళ్ళు గడ్డపార ముట్టరు. మా పెద్దలు క్రైస్తవంలోకి వచ్చాక కొబ్బరికాయ మానేసి ప్రార్థన పెట్టుకున్నారు గాని, ఈ పద్ధతి మాత్రం వదల్లేదు. అయ్యగారికి కూడా అందులో తప్పు కనబడలేదు.

"అన్నా, పనివాళ్ళకు చెప్పినా" అన్నాడు. "నువ్వు మొదటి రాయి తీసేదాకా ఎవ్వురూ వంతెన మీదికి ఎక్కకూడదని. పెద్దాయన కట్టింది. నీకు ఎప్పుడు మనసైతే అప్పుడు తియ్యి. నేను దిగువన పునాదులు చూసుకుంటాంటా."

అతను మర్యాద కోసం అన్నాడు. ఆ మాట అతని నోట్లోంచి రాగానే నా చేతికి ఏం దొరికిందో నాకు తెలిసిపోయింది. నేను రాయి తీయకపోతే పని ఆగుతుంది. ఆపింది నేనని ఎవరూ అనరు.

మొదట నాయన జ్ఞాపకార్థ కూటం అయ్యేదాకా ఆగుదామన్నాను. అది నిజంగా దగ్గర్లోనే ఉంది. కూటం అయింది, అందరూ పప్పన్నం తిని పోయారు. తర్వాత చిన్న వంతెన దిమ్మెలు నిలబడనీ అన్నాను. నిలబడ్డాయి. ఆ తర్వాత కమాను సందులో మైనా గూడు పెట్టింది, పిల్లలు ఎగిరిపోనీ అన్నాను. పనివాళ్ళు నవ్వారు. నా తోడల్లుడు నవ్వలేదు. "పెద్దాయన వంతెనలో పిట్టకు కూడా చోటుంది, ఆగుదాం లే" అన్నాడు.

ఆ సాయంత్రం నా భార్య అడిగింది.

"మైనా గూడు అంటివంట. యాడుంది?"

"కమాను కింద."

"అది పోయినేటిది గదయ్యా. గడ్డంతా ఊడి యాలాడతాంది. గుడ్డలుతకను పోయినప్పుడు నేను చూళ్ళేదా?"

ఆమె చేట తీసుకుని బయటికి పోయి, అవసరం లేకపోయినా చాలాసేపు బియ్యం చెరిగింది.

దిగువన అతని పని లేస్తోంది. రోజూ చిన్న వంతెన నుంచి ఇంటికి పోయేటప్పుడు చుట్టూ తిరిగి ఆ దారినే వచ్చేవాణ్ణి. చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. దిమ్మెలు గీత గీసినట్టు లేచాయి. ఎగువ వైపు మొనను నీళ్ళు చీలిపోయేటట్టు పడవ ముక్కులాగా చెక్కించాడు. ఇది నాకు తోచలేదే అనిపించేది. పనివాళ్ళు అతనితో సరసాలాడుతూ రాళ్ళు మోసేవాళ్ళు. నా దగ్గర మోసేటప్పుడు మూలుగుతూ మోసేవాళ్ళు. గానుగ తోలే ముసలాయన కూడా అతను వస్తే ఎద్దుల్ని హుషారుగా అదిలించేవాడు. ఒక రోజు నేను వంగి దిమ్మె మూల చూస్తుంటే అతను పైనుంచి పలకరించాడు.

"అన్నా, మూల సరిగా ఉందా? ఏమన్నా తేడా ఉంటే చెప్పు."

తేడా లేదు. "రేపు ఎండిపోతే తెలుస్తాది" అని వచ్చేశాను. ఏం తెలుస్తుంది ఎండిపోతే? అతను మాత్రం ఆ మాట పట్టుకుని మరునాడు ఆ మూలకు తడి గోనెలు కప్పించాడట.

పాత రాళ్ళు రాకపోవడం వల్ల గట్ల పక్క గోడలు ఆగిపోయాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కాలువను ఎగువా దిగువా రెట్టింపు వెడల్పు చేశారు. నాయన వంతెన దగ్గర మాత్రం రెండు గట్లూ పాతవే. వంతెన తీస్తే తప్ప అక్కడ తవ్వే వీలు లేదు. పెద్ద కాలువకు ఆ ఒక్కచోట గొంతు పిసికినట్టు ఉండేది. ఓవర్సీయరు వచ్చి చూసి మండిపడ్డాడు.

"ఇంకా విప్పలేదేం? వానలొస్తే నీళ్ళు ఎటు పోతాయనుకుంటున్నారు? మార్కాపురం నుంచి కూలీలను తెప్పించి రెండు రోజుల్లో పీకిస్తాను!"

నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పింది నా తోడల్లుడు.

"వొద్దు సార్. అది మా పద్ధతి. మొదటి రాయి ఆయన తియ్యాల. తీస్తాడు."

"ఎప్పుడు?"

"తీస్తాడు సార్. నాది పూచీ."

"నీ పూచీనే మరి. తర్వాత నన్ననవద్దు" అని ఓవర్సీయరు సైకిలెక్కాడు.

నా కోసం పూచీ పడ్డ మనిషిని చూస్తే ఎవరికైనా మనసు కరగాలి. నాకు ఇంకా మండింది. మా నాయన వంతెన గురించి మాట్లాడడానికి వీడెవడు అనుకున్నాను. ఆ వారమే తీద్దామనుకున్నవాణ్ణి, దానితో మళ్ళీ వాయిదా వేశాను. ఈసారి చెప్పడానికి సాకు కూడా వెతకలేదు. ఎవరూ అడగలేదు.

పునర్వసు కార్తెలో మా దగ్గర వాన పడితే పడిందన్నట్టు పడుతుంది. ఆ ఏడు అట్లా లేదు. ఒక మధ్యాహ్నం ఊళ్ళో ఎండ కాస్తుండగానే కొండలు నల్లగా మూసుకుపోయాయి. కరక్కాయలు తెచ్చే చెంచు ఆమె ఒకతె గంప దించకుండానే కాలువ గట్టు మీద నిలబడి కేకలేసింది.

"కొండన వాన ఇరగబడతాంది మేస్త్రీ! చెట్లకు చెట్లే కొట్టకొస్తాండాయి. మీ కర్రలు తీసుకోండి!"

అప్పటికి మూడు కమాన్లలోనూ రాళ్ళు సగానికి పైగా లేచి ఉన్నాయి. నడిమి రాయి బిగించేదాకా ఆ బరువంతా కింద కర్ర చట్రాల మీదే ఉంటుంది. చట్రం కదిలితే కమాను ఉండదు. నా తోడల్లుడు చట్రాల దగ్గరికి పోలేదు. నేనున్న చిన్న వంతెన దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వంటి మీద అంతా సున్నం.

"అన్నా, ఇప్పుడన్నా తియ్యన్నా! నువ్వు ఒక్క రాయి కదిలిస్తే చాలు. మనుషులు గడ్డపార్లు పట్టుకోని నిలబడి ఉండారు. పిట్టగోడ పడగొట్టి పక్క గట్టుకు గండి పెడితే నీళ్ళు కొంతన్నా సాగుతాయి. రా అన్నా!"

నేను లేచాను. ఇప్పటికీ నన్ను తినేది ఇక్కడి నుంచి జరిగినదే. చేతులు కడుక్కున్నాను. తలగుడ్డ ఊడిపోయి ఉంటే చుట్టుకున్నాను. సరిగా రాలేదని మళ్ళీ విప్పి చుట్టుకున్నాను. కుండలో నీళ్ళు ముంచుకుని తాగాను. అతను రొప్పుతూ నా ముందు నిలబడి ఉన్నాడు. ఆ వంతెన ఉంటుందా పోతుందా అన్నది నా చేతిలో ఉంది. అతను నన్ను బతిమాలుకుంటూ నిలబడ్డాడు. అట్లా అతను నిలబడటం నాకు బాగుంది. దేవుడి ముందు కూడా ఇంతకంటే తక్కువ చేసి చెప్పలేను.

మేం పోయేసరికి నీళ్ళు దిగాయి. ఎర్రగా, నురగతో, చెట్టు కొమ్మలూ వెదురు పొదలూ తోసుకుంటూ. నేను వంతెన ఎక్కి పిట్టగోడ చివరి రాతి కింద గడ్డపార పెట్టాను. అది ఒక్క ఊపుకే లేచి వచ్చింది. ఎన్నాళ్ళ నుంచి వదులైపోయి ఉందో! అందరూ ఒక్కసారి గడ్డపార్లు ఎత్తారు. ఇంతలో ఒక పెద్ద చెట్టు వేళ్ళతో సహా వచ్చి కమానుకు అడ్డం పడింది. దాని మీద పొదలు, పొదల మీద పొదలు. కాలువ మూసుకుపోయింది. నీళ్ళు చూస్తుండగా గట్టు అంచుకు వచ్చాయి. మమ్మల్ని దిగమని అందరికంటే గట్టిగా అరిచింది నా తోడల్లుడే. నా రెక్క పట్టుకుని ఈడ్చింది కూడా అతనే.

గట్టు తెగింది. తెగిన నీళ్ళు తిన్నగా పోక ఏటవాలుగా కొత్త వంతెన మీద పడ్డాయి. నడిమి చట్రం అగ్గిపెట్టె నలిగినట్టు నలిగింది. దాని మీది రాళ్ళు ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి జారాయి. తర్వాత పక్క కమాను. మూడోది కొంతసేపు నిలబడి, అదీ పోయింది. నాయన వంతెన మాత్రం అట్లాగే ఉంది, ఆ చెత్తనంతా నెత్తిన పెట్టుకుని. మనుషులెవరూ పోలేదు. మా పల్లెలో దిగువ వరస ఇళ్ళ మట్టిగోడలు కూలాయి.

విచారణకు ఓవర్సీయరు, ఆయన పైవాడు ఇద్దరూ వచ్చారు. పాత వంతెన ఎందుకు విప్పలేదని అడిగారు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

"నేనే ఆగమన్నా సార్. వానలకు టైముందనుకున్నా" అన్నాడు నా తోడల్లుడు.

అతను నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను నోరు విప్పేవాణ్ణని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నేను నేల చూస్తూ ఉన్నాను. పైవాడు అతన్ని పనిలోంచి తీసేశాడు. ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు ఓవర్సీయరు ఇష్టం లేనట్టుగానే నన్ను చూపించాడు. చిన్న వంతెన మీదుగా వరద పోయినా ఒక్క బండ కదల్లేదు కాబట్టి.

నేను ఒప్పుకున్నాను. ఒక్క రోజైనా ఆలోచించుకుంటానని అనలేదు.

అతను భార్యాపిల్లలతో పామూరు వైపు పోయాడు. అక్కడ ఎవరో తెలిసిన మేస్త్రి దగ్గర మామూలు బేల్దారిగా చేరాడని విన్నాం. బండిలో సామాను సర్దుతుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని ఏడ్చారు. బండి కదిలాక నా భార్య లోపలికి వచ్చి, "నీకు కావల్సింది నీకు వచ్చింది, ఇంక అన్నం తిను" అంది. తర్వాత చాలా రోజులు వంట చేసిపెట్టడం తప్ప నాతో పని లేనట్టు ఉంది.

కోరుకున్నది చేతికి వస్తే అసూయ పోతుందనుకుంటాం. నా విషయంలో అట్లా జరగలేదు. వరదకు పైన కమాన్లు పోయాయి గాని అతని పునాదులు, దిమ్మెలు వెంట్రుకవాసి కదల్లేదు. నేను కట్టవలసింది వాటి మీదే. ప్రతి ఉదయం దిగి ఆ పడవ ముక్కు రాళ్ళ మీద కాలు పెట్టి పైకి ఎక్కేవాణ్ణి. చట్రాలు మూడూ ఒకేసారి నిలబెట్టించాను, అతను ఆ రోజు ఓవర్సీయరుకు చెప్పినట్టే. పనివాళ్ళకు ఏదైనా అనుమానం వస్తే, "చిన్నమేస్త్రి అయితే ఇట్ల చేసేటోడు" అని వాళ్ళలో వాళ్ళు అనుకుని అట్లాగే చేసేవాళ్ళు. ఊళ్ళో లేని మనిషి మీద మంట పెట్టుకుని, అతని పద్ధతిలోనే రాయి మీద రాయి పేర్చాను. నాయన వంతెన రాళ్ళు కూడా నేనే ఊడదీసి గట్ల గోడల్లో వాడాను. ఆ రాళ్ళు తీసేటప్పుడు ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు.

మొదటి బస్సు పోయిన రోజు నా మెడలో దండ వేశారు. అయ్యగారు ప్రార్థన చేశారు. జనం పోయాక ఓవర్సీయరు గట్టు మీద టిఫిను డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి పోయి జరిగినది చెప్పాను. రాయి తీయకుండా నేనే కావాలని ఆపానని, మైనా గూడు ఖాళీదని, తలగుడ్డ సంగతి కూడా. ఆయన నములుతూ విన్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం చేద్దామని మేస్త్రీ?"

"పని అతనిది సార్. అతనికే పేరు..."

"వంతెన అయిపోయింది. కాగితాలు పోయినాయి. వెనక్కి తెచ్చి ఇమ్మంటే ఇది ఎద్దా, బర్రెనా?" అని చేయి కడుక్కున్నాడు. "పో, ఇంటికి పోయి పడుకో. పని బాగా వచ్చింది."

ఆ తర్వాత ఎవరైనా వంతెనను మెచ్చుకుంటే, అది నా తోడల్లుడి పని, నేను మధ్యలో వచ్చినవాణ్ణి అని చెప్పడం మొదలుపెట్టాను. దాన్ని అందరూ నా వినయం అనుకున్నారు. మేస్త్రికి ఎంత మంచి మనసో అన్నారు. మెచ్చుకోలు ఇంకా పెరిగింది.

కొన్నేళ్ళకు కనిగిరి నుంచి వచ్చిన బండివాడొకడు చెప్పాడు. పామూరు దగ్గర ఒక వాగు మీద వంతెన లేస్తోందని, దాని మేస్త్రి మా వైపు మనిషేనని. నేను మొదట అడిగిన మాట, "ఎన్ని కమాన్లు?" అని. వాడు ఐదన్నాడు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారాక, పోయి కాళ్ళ మీద పడి అంతా చెప్పుకుని వస్తానని నా భార్యతో అన్నాను. ఆమె చెల్లెలి కోసం చింతకాయ పచ్చడి మూట కట్టి ఇచ్చింది.

పోయాను. వంతెన ఊరికి ఈవలే ఉంది. నేరుగా మనిషి దగ్గరికి పోవలసినవాణ్ణి, వాగులోకి దిగాను. పూర్తయిన కమాను కిందికి పోయి తల ఎత్తి చూశాను. రాతికీ రాతికీ మధ్య సందు వెడల్పు ఎక్కడైనా మారిందా అని చూశాను. మూలలు చూశాను. వంగి దిమ్మె అడుగు తడిమాను. పచ్చడి మూట చంకలో ఉంది. క్షమించమని అడగడానికి వచ్చినవాణ్ణి, అతని పనిలో ఒక్క బీట కనబడితే చాలునని వెతుకుతున్నాను.

"ఏంది అన్నా, ఏమన్నా దొరికిందా?"

ఒడ్డు మీద నిలబడి నవ్వుతున్నాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"లేదు" అన్నాను. "ఎతుకుతానే ఉండా."

అతను దిగి వచ్చాడు. నేను అక్కడే, ఆ కమాను కిందే చెప్పాను. కూటం దగ్గర నుంచి మొదలుపెట్టి ఏదీ వదలకుండా చెప్పాను. మైనా గూడు దాకా అతను నవ్వు మొహంతోనే విన్నాడు. వరద రోజు నేను తలగుడ్డ రెండోసారి విప్పి చుట్టుకున్న దగ్గర అతని మొహం మారింది.

"అది నాకు జ్ఞాపకం ఉంది" అన్నాడు. "భయంతో చేతులు వణికి ముడి పడటంలేదనుకున్నా అన్నా. నీ నాయన వంతెన గదా, ప్రాణం ఒప్పుకోవడంలేదనుకున్నా. అందుకే విచారణలో ఆ దొర ముందర నీ పేరు ఎత్తలా."

నేను పచ్చడి మూట ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను.

అతను వాగులో చిన్న రాయి ఒకటి కాలితో దొర్లించాడు. "మీ మరదలు నువ్వొచ్చినావని చూసి పొయ్యి మీద ఎసరు పెట్టింటాది. పోయి అన్నం తిను. నేను ఈ పూట ఇంటికి రాను. నీ పక్కన కూచోని తినలేను. ఇంకెప్పుడన్నా అయితే ఏమో, ఇయ్యాల మాత్రం నావల్ల కాదు."

కోపంగా అనలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు చెప్పి పైకెక్కి పోయాడు.

నేను ఆ ఇంటికి పోయాను. మరదలు కాళ్ళకు నీళ్ళిచ్చింది. "బావా, అక్క ఎట్లుంది? ఈయన యాడ?" అని అడిగింది. పని ఉందన్నాడని చెప్పాను. గోంగూర, జొన్న సంకటి పెట్టింది, మీద నెయ్యి వేసింది. కొత్త ఇల్లు, నాపరాళ్ళ కప్పు, గోడలు నున్నగా పూసి ఉన్నాయి. సంకటి ముద్ద గొంతు దిగకముందే నా కళ్ళు ఆ గోడ మూలలు చూస్తున్నాయి, మా ఇంటి గోడలతో పోల్చుకుంటున్నాయి. తల వంచుకుని తిన్నాను.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే వంతెన కనబడుతోంది. అతను నాలుగో కమాను మీద, పనివాళ్ళ మధ్య ఉన్నాడు. ఎవరో ఏదో అన్నారు, అతను తల వెనక్కి వేసి నవ్వాడు. నన్ను చూసి కాదు, నా గురించీ కాదు. ఆ పనివాళ్ళలో రాయి అందిస్తున్న ఒకణ్ణి చూసి, వాడి చోట నేనుంటే బాగుండునని కడుపులో మండింది. బస్సు వచ్చింది, ఎక్కాను.